యూజర్‌నేమ్ తనిఖీకి ఏ టెస్టు నప్పుతుంది? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు సైట్లు కట్టేవారికి

పైథాన్ భాషలో వెబ్‌సైట్లు కట్టే సరంజామా జాంగోతో సైటు కట్టి, యూజర్‌నేమ్ నియమాన్ని ఉన్నది ఉన్నట్టు వదిలేస్తే రమణ తన పేరు తెలుగులో కొట్టి ఖాతా తెరవగలడు. కమల కూడా తెరవగలదు. రాము, సీత, లక్ష్మి తెరవలేరు. జాంగో తనిఖీ బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w) అనే గుర్తు మీద నడుస్తుంది. పైథాన్‌తో పాటు వచ్చే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (అక్షరాల అమరికను వర్ణించే సూత్రం) లైబ్రరీ ఆ గుర్తు కింద అక్షరాలను, అంకెలను, అండర్‌స్కోరును మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న ప్రపంచ లిపులన్నిటికీ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, వాటిది వేరే వర్గం. అందువల్ల తలకట్టు తప్ప మరే గుణింతమూ లేని పేర్లే గట్టెక్కుతాయి. ఒడియాలో రాసినా ఇదే జరుగుతుంది.

ఇలాంటి సైట్లలో టెస్టులు, అంటే కోడ్ సరిగా పనిచేస్తోందో చూసే చిన్న ప్రోగ్రాములు, లేక కాదు. ఉంటాయి, అన్నీ పాసవుతాయి కూడా. వాటిలో ఉన్న పేర్లు ఆలిస్, బాబ్, టెస్ట్‌యూజర్1. నేను చెప్పదలచుకున్నది ఇదే: ఏ టెస్టు లైబ్రరీ వాడతారన్నది రెండో ప్రశ్న, ఆ టెస్టులో ఎవరి పేర్లు రాస్తారన్నది మొదటి ప్రశ్న. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో దీని బరువు ఇంకా ఎక్కువ. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేవరకు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఇక్కడి తెలుగువాళ్లలో చాలామంది పేరు ఆఫీసు కాగితాల్లో ఒడియాలో, పెళ్లి శుభలేఖలో తెలుగులో, ఫోనులో ఇంగ్లిషు అక్షరాల్లో ఉంటుంది. ఆ మూడింటిలో దేనితోనైనా వాళ్లు మన సైటు గడప తొక్కుతారు.

నియమం తేలాకే టెస్టు

ఏ పేర్లు ఒప్పుకోవాలో తేలకుండా టెస్టు పద్ధతి ఎంచుకోలేం. దారులు మూడున్నాయి.

ఇంగ్లిషు అక్షరాలు, అంకెలు మాత్రమే ఒప్పుకోవడం మొదటిది. జాంగోలో దీనికి దగ్గరగా ఆస్కీ వాలిడేటర్ అనే తనిఖీ సిద్ధంగా ఉంది (@ . + - _ గుర్తులనూ అది రానిస్తుంది). టెస్టులు తేలిక, ఫోనులో పేరు చెప్పి అవతలివారి చేత కొట్టించడమూ తేలిక. లాగిన్ పేరును ఇలా ఉంచి, తెర మీద కనిపించే పేరుకు వేరే గడి ఇచ్చి అందులో ఏ లిపినైనా రానిస్తే ఎవరికీ అన్యాయం జరగదు. ఒకరిద్దరే నడిపే చిన్న సైటుకు నా సలహా ఇదే, ఇందులో మొహమాటం అక్కర్లేదు.

ప్రపంచంలోని లిపులన్నీ ఒప్పుకోవడం రెండోది. ఉదారంగా కనిపిస్తుంది గాని, ఇంగ్లిషు ‘ఎ’కూ రష్యన్ వాళ్ల ‘అ’కూ తెర మీద తేడా కనబడదు. ఆ గొడవంతా కాచుకునే సిబ్బంది లేనప్పుడు ఈ దారి వద్దు.

తెలుగు, ఒడియా, ఇంగ్లిషు ఈ మూడే ఒప్పుకుంటూ, ఒక పేరులో ఒకే లిపి ఉండాలనడం మూడోది. సభ్యుడి పేరే గుర్తింపుగా నడిచే చోట, అంటే నేత సహకార సంఘాలు, గ్రంథాలయాలు, సాహితీ సంస్థల సైట్లకు ఇది సరైనది. పైథాన్‌లో అయితే రెగెక్స్ అనే విడి లైబ్రరీ తెచ్చుకుని, అక్షరాల వర్గంతో పాటు గుణింతపు గుర్తుల వర్గాన్నీ నియమంలో చేర్చాలి. టెస్టుల అసలు పని మొదలయ్యేది ఇక్కడే కాబట్టి, ఇకపై చెప్పేది ఎక్కువగా ఈ దారి ఎంచుకున్నవారి కోసం.

కేసుకో ఫంక్షనా, పట్టికా?

ఒక్కో కేసుకు ఒక్కో టెస్టు ఫంక్షన్ రాసే పద్ధతి అందరికీ తెలిసిందే. ఫంక్షన్ పేరు చదివితే ఏం పరీక్షిస్తున్నామో తెలుస్తుంది. మొదటి దారి ఎంచుకున్నవారికి ఇది చాలు. మూడు లిపులు వచ్చేసరికి మాత్రం ఒకే అయిదు లైన్లు పేరు మార్చి పదేపదే అంటించుకోవలసి వస్తుంది. కొత్త పేరు చేర్చడానికి చేయి రాదు. చేయి రాని చోట టెస్టులు పెరగవు.

పట్టిక పద్ధతిలో టెస్టు ఫంక్షన్ ఒకటే ఉంటుంది. పేరు, తీర్పు, కారణం వరుసగా రాసుకుంటాం. కొన్ని వరుసలు:

రాము: ఒప్పుకోవాలి.
లక్ష్మి: ఒప్పుకోవాలి. పొల్లు రెండు చోట్ల ఉంది.
రంగ: ఒప్పుకోవాలి.
ర౦గ: వద్దు. నడుమ ఉన్నది తెలుగు అంకె సున్నా.
రామ్‌కుమార్: ఒప్పుకోవాలి. పొల్లు తర్వాత, హల్లు ముందు కనిపించని విడదీత గుర్తు ఉంది.
రామ్, చివర అదే విడదీత గుర్తు: వద్దు.
రాము, చివర కొత్త లైను: వద్దు.

మూడో వరుసనూ నాలుగో వరుసనూ పక్కపక్కన పెట్టి చూడండి. కంటికి ఒకటే. జాంగో ఇచ్చే మామూలు నియమం మీద ఈ రెండు వరుసలు నడిపితే, సరైన రంగ పేరు తిరస్కరణకు గురవుతుంది, ఎందుకంటే సున్న గుర్తు అక్షరం కాదు. అంకె పెట్టి రాసిన పేరు దర్జాగా లోపలికి వస్తుంది, ఎందుకంటే అంకెకు అనుమతి ఉంది. అసలు మనిషి బయట ఉండిపోయి, అతని పేరు వేసుకున్నవాడు ఖాతా తెరుస్తాడు. ఒడియాలోనూ సున్నా అంకె, ‘ఠ’ అక్షరం ఒకేలా గుండ్రంగా ఉంటాయి. అందుకే తెలుగు అంకెలు, ఒడియా అంకెలు పేరులో వద్దని, అంకె కావాలంటే 0 నుంచి 9 వరకు వాడమని నియమం పెట్టడం మేలు. ఒకే అక్షరం వేర్వేరు కోడ్‌లతో వచ్చినా ఏకరూపానికి మార్చే యూనికోడ్ పద్ధతులు (ఎన్‌ఎఫ్‌సీ, ఎన్‌ఎఫ్‌కేసీ) తెలుగు అంకెను మామూలు అంకెగా మార్చిపెడతాయని ఆశ పెట్టుకోవద్దు. ఎన్‌ఎఫ్‌కేసీ సైతం దాని జోలికి పోదు.

విడదీత గుర్తు సంగతి ఇంకా సున్నితమైనది. అది కనిపించదు కాబట్టి పూర్తిగా నిషేధిద్దామనిపిస్తుంది. నిషేధిస్తే రామ్‌కుమార్ తన పేరు తాను రాసుకున్నట్టు రాయలేడు, మకారం కింద కవత్తు వచ్చి కూర్చుంటుంది. కాబట్టి పొల్లుకూ హల్లుకూ నడుమ మాత్రం ఒప్పుకుని, ఇద్దరి పేర్లు ఒకటేనా అని పోల్చేటప్పుడు దాన్ని తీసేసి పోల్చాలి. ఈ ఒక్క నియమానికే పట్టికలో నాలుగైదు వరుసలు అవసరమవుతాయి, అవి దండగ కాదు.

తీర్పుతో పాటు కారణాన్నీ టెస్టు సరిచూడాలని గట్టిగా చెబుతాను. ఒప్పుకుందా లేదా అని మాత్రమే చూస్తే, పొడవు మీరిందని మనం రాసిన వరుసను తనిఖీ గుణింతం నచ్చక తోసిపుచ్చినా టెస్టు పాసైపోతుంది. పొడవు నియమం పనిచేస్తోందని నమ్ముతూ కూర్చుంటాం.

పట్టికను నడపడానికి పైథాన్‌లో రెండు సాధనాలున్నాయి. భాషతో పాటు వచ్చే యూనిట్‌టెస్ట్‌లో 2014 నాటి 3.4 వెర్షన్ నుంచి సబ్‌టెస్ట్ అనే సదుపాయం ఉంది. ఒక వరుస తప్పినా మిగతావి నడుస్తాయి. తప్పిన పేరు తెలుగులోనే కనబడుతుంది, కనిపించని విడదీత గుర్తు మాత్రం దాని కోడ్ సంఖ్యగా బయటపడుతుంది. ఇది నిజంగా పనికొచ్చే గుణం. పైటెస్ట్‌లో పారామెట్రైజ్ వాడితే ప్రతి వరుసా విడి టెస్టు అవుతుంది, తప్పినవాటినే మళ్లీ నడుపుకోవచ్చు. అయితే ఇంగ్లిషేతర అక్షరాలను పైటెస్ట్ తన నివేదికలో కోడ్ సంఖ్యలుగా మార్చి చూపిస్తుంది, రాము పేరు గుర్తుపట్టలేని అంకెల దండ అయిపోతుంది. ప్రతి వరుసకూ ఇంగ్లిషు అక్షరాల్లో చిన్న గుర్తింపు పేరు మనమే ఇస్తే ఆ చిక్కు తీరుతుంది. రోజూ టెస్టులు నడిపేవారికి పైటెస్ట్, కొత్త లైబ్రరీ తేవడం ఇష్టం లేనివారికి సబ్‌టెస్ట్. రెండూ వద్దనుకుని మామూలు లూపులో తిప్పకండి, మొదటి తప్పు దగ్గరే ఆగిపోయి మిగతావి దాస్తుంది.

బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ తనిఖీ కూడా ఉంటే పట్టికను కోడ్‌లో రాయకుండా విడిగా, ఏ భాషలోని కోడైనా చదవగల జేసన్ ఫైలులో ఉంచాలి. అక్కడి టెస్టులూ ఇక్కడి టెస్టులూ అదే ఫైలు చదవాలి. జావాస్క్రిప్ట్‌లో బ్యాక్‌స్లాష్ డబ్ల్యూకు అర్థం ఇంకా ఇరుకు, ఇంగ్లిషు అక్షరాలు, 0 నుంచి 9 వరకు అంకెలు, అండర్‌స్కోరు, అంతే. రెండు వైపులా ఒకే పట్టిక లేకపోతే బ్రౌజర్ వద్దన్న పేరును సర్వర్ ఒప్పుకుంటుంది, బ్రౌజర్ ఒప్పుకున్నదాన్ని సర్వర్ కాదంటుంది.

పొడవు ఎలా లెక్కించాలి

శ్రీను పేరు చదివేవారికి రెండక్షరాలు. యూనికోడ్ కోడ్ పాయింట్లు, అంటే ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్యలు, ఆరు. నిల్వకు వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. ఈ మూడు లెక్కల్లో ఏది మీదో తేల్చకుండా ‘కనీసం మూడు, గరిష్ఠం ముప్ఫై’ అని రాస్తే అది నియమం కాదు.

చూపుకు ఆనే అక్షరాలను లెక్కించడం న్యాయంగా అనిపిస్తుంది. దానికి లైబ్రరీలూ ఉన్నాయి. కాని తెలుగు, ఒడియా ఒత్తులను ఒకే అక్షరంగా కలిపి లెక్కించే సూత్రం యూనికోడ్‌లోకి 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తోనే చేరింది. లైబ్రరీ పాతదైతే లక్ష్మి నాలుగు, కొత్తదైతే రెండు. లైబ్రరీని నవీకరించిన రోజున పాత సభ్యుల పేర్లు నియమం తప్పుతాయి. అందుకే కోడ్ పాయింట్లే లెక్కించమంటాను. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా అలాగే లెక్కిస్తుంది. కనీస పొడవు మాత్రం మూడు కాకుండా రెండు పెట్టండి. మూడు పెడితే సీత వస్తుంది, రమ రాదు. ఆ తేడా ఎందుకో ఏ రమకూ నచ్చజెప్పలేం.

పొడవును ఏకరూపం చేశాకే చూడాలి. కైలాస పేరులోని ఐత్వం ఒక కోడ్‌గానూ రావచ్చు, రెండు కోడ్‌లుగానూ రావచ్చు. ఎన్‌ఎఫ్‌సీ దాన్ని ఒకటి చేస్తుంది. ఒడియాలో కింద చుక్క ఉన్న ‘డ’ విషయంలో ఇది తిరగబడుతుంది: ఒక్క కోడ్‌గా వచ్చినా ఎన్‌ఎఫ్‌సీ దాన్ని రెండుగా విడదీస్తుంది. ఒడియా అనే మాటను ఒడియాలో రాస్తే అందులోనే ఉంది ఆ అక్షరం. ముప్ఫై దగ్గర తనిఖీ చేసి ఆ తర్వాత ఏకరూపం చేస్తే ముప్ఫై ఒకటి అయి డేటాబేస్‌లో దెబ్బతింటుంది. హద్దుకు ఇటూ అటూ, అంటే ఒకటి, రెండు, ముప్ఫై, ముప్ఫై ఒకటి పొడవున్న వరుసలు ఒక్కో లిపిలోనూ ఉండాలి.

మరో వరుస కూడా చేర్చమంటాను. గజపతి, రాయగడ జిల్లాల్లో సవర గిరిజనులున్నారు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ వారి భాష నేర్చుకుని నిఘంటువు కూర్చిన నేల ఇది. 1936లో మంగేయి గొమాంగో సవర భాషకు రూపొందించిన సోరా సొంపెంగ్ లిపి 2012లో యూనికోడ్‌లో చేరింది. ఆ అక్షరాలు ఒక్కోటి నాలుగేసి బైట్లు, బ్రౌజర్ పొడవు లెక్కలో రెండేసి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత మూడు బైట్ల యూటీఎఫ్8 పద్ధతి ఉంటే వాటిని నిల్వ చేయడం కుదరదు. మీ నియమం ఆ లిపిని ఒప్పుకోకపోవచ్చు. అప్పుడైనా సైటు కూలిపోకుండా, ఎందుకు కుదరదో మర్యాదగా చెప్పాలి. ఆ మర్యాదను పరీక్షించే వరుస అది.

యాదృచ్ఛిక టెస్టులు: ఎప్పుడు, ఎంతవరకు

పట్టికలో మనకు తోచిన పేర్లే ఉంటాయి. తోచనివాటిని యంత్రం చేత తయారు చేయించే పద్ధతికి హాస్కెల్ అనే ప్రోగ్రామింగ్ భాషలో వచ్చిన క్విక్‌చెక్ బాట వేసింది. పైథాన్‌లో ఆ పని హైపోథెసిస్ చేస్తుంది. మనం ఒక గుణం చెబుతాం, అది మామూలుగా వంద నమూనాలు వేసి ఆ గుణాన్ని విరగ్గొట్టడానికి చూస్తుంది. విరిగితే ఆ పేరును వీలైనంత చిన్నది చేసి చూపిస్తుంది.

యూజర్‌నేమ్‌కు తప్పక రాయవలసిన గుణం ఒకటుంది: ఏకరూపం చేసే ఫంక్షన్‌ను ఒకసారి నడిపినా రెండుసార్లు నడిపినా ఫలితం ఒకటే కావాలి. 2013లో పాటలు వినిపించే స్పాటిఫై తన దగ్గర జరిగిన లోపాన్ని తానే వివరంగా బయటపెట్టింది. పైకి ఎత్తి రాసే చిన్న గుర్తులతో బిగ్‌బర్డ్ అని రాసిన పేరును వారి ఫంక్షన్ మొదటిసారి పెద్ద అక్షరాలుగా, ఆ ఫలితాన్నే మళ్లీ ఇస్తే చిన్న అక్షరాలుగా మార్చేది. అలాంటి పేరుతో ఖాతా తెరిచి పాస్‌వర్డ్ మార్పు కోరితే మరొకరి ఖాతా చేతికొచ్చేది. ఇటువంటి లోపాన్ని పట్టుకోవడానికి రెండు లైన్ల గుణం చాలు, దాన్ని ఏ పట్టికా ఇంత చౌకగా పట్టుకోలేదు.

వాడేటప్పుడు రెండు జాగ్రత్తలు. యూనికోడ్ అంతటి నుంచి నమూనాలు తీయమంటే తెలుగు అక్షరం తగలడం అరుదు, మన లిపికున్న చోటు 128 స్థానాలే. తెలుగు, ఒడియా విభాగాలకూ విడదీత గుర్తుకూ పరిమితం చేయండి. అలాగే నియమంలో రాసిన రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌నే నమూనాల తయారీకి వాడకండి. అప్పుడు నియమం తనను తాను మెచ్చుకుంటుంది, అంతే. పట్టికకు బదులుగా దీన్ని పెట్టుకోమని మాత్రం అనను. రామ్‌కుమార్‌ను ఒప్పుకోవాలన్న నిర్ణయం మనుషులు తీసుకునేది, అది ఎక్కడో ఒకచోట పేరుతో సహా రాసి ఉండాలి.

పేరు ఇప్పటికే ఉందా: నకలు డేటాబేసా, అసలు డేటాబేసా?

ఇక్కడ నేను ఒక పక్షానే ఉంటాను. ‘ఈ పేరు ఎవరికీ లేదు’ అని ఎప్పుడూ జవాబిచ్చే నకలు వస్తువును పెట్టి టెస్టు రాస్తే అది వేగంగా నడుస్తుంది, ఏమీ చెప్పదు. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే పేరు కోరితే ఇద్దరికీ లేదనే జవాబు వస్తుంది, రెండు ఖాతాలూ పుడతాయి. దాన్ని ఆపగలిగేది డేటాబేస్‌లో, ఏకరూపం చేసిన పేరు నిలువు వరుస మీద పెట్టిన యునీక్ నిబంధన (ఒకే విలువ రెండోసారి రానివ్వనిది) ఒక్కటే. దాన్ని పరీక్షించాలంటే నిజమైన డేటాబేస్ కావాలి. టెస్టులకు ఎస్‌క్యూలైట్, సైటుకు పోస్ట్‌గ్రెస్ వాడే అలవాటు చాలామందికి ఉంది. ఎస్‌క్యూలైట్ పొడవు పరిమితిని పట్టించుకోదు, ముప్ఫై అని రాసినా వంద అక్షరాలు పుచ్చుకుంటుంది. సైటు దేనిమీద నడుస్తుందో దానిమీదే ఈ టెస్టులు నడపండి. నాలుగు ఉంటే చాలు: అదే పేరు మళ్లీ, పెద్ద అక్షరం మార్చి, విడదీత గుర్తు చేర్చి, ఐత్వం రెండు కోడ్‌లుగా రాసి. నకలు వస్తువు పనికొచ్చే చోటు ఒకటే, డేటాబేస్ అందుబాటులో లేనప్పుడు సైటు ఏం చెబుతుందో చూడటానికి.

ఫారం ఒక్కటే ద్వారం కాదు

ఫోను కీబోర్డు సూచించిన పదాన్ని ఎంచుకుంటే చివర ఖాళీ చేరుతుంది. జాంగో ఫారం దాన్ని తీసేస్తుంది కాబట్టి ఫారం గుండా పరీక్షిస్తే అంతా బాగానే కనబడుతుంది. సంఘాల సైట్లలో సభ్యులు ఎక్కువమంది ఫారం గుండా రారు. గుమాస్తా ఇచ్చిన ఎక్సెల్ జాబితాను స్క్రిప్టుతో ఎక్కిస్తారు. జాంగోలో క్రియేట్ యూజర్ అనే పద్ధతిని నేరుగా పిలిస్తే వాలిడేటర్లు నడవవు. ఎక్సెల్ గడిలో పేరు కింద మరో లైను వదిలి ఉంటే ఆ కొత్త లైనుతో సహా పేరు డేటాబేస్‌లోకి పోతుంది. నియమం చివర డాలర్ గుర్తు పెట్టినవారికి ఇంకో ప్రమాదం: పైథాన్‌లో డాలర్ గుర్తు చివరి కొత్త లైనును చూసీ చూడనట్టు వదిలేస్తుంది. దాని బదులు బ్యాక్‌స్లాష్ పెద్ద జడ్ వాడాలి. జాంగో యూజర్‌నేమ్ తనిఖీలోనూ ఒకప్పుడు డాలర్ గుర్తే ఉండేది, తర్వాత మార్చారు.

అందుకే తనిఖీ ఒక్క ఫంక్షన్‌లో ఉండాలి. ఫారమూ స్క్రిప్టూ దాన్నే పిలవాలి. పట్టిక ఆ ఫంక్షన్ మీద నడవాలి. ఫారం మీద ఒక టెస్టు, స్క్రిప్టు మీద ఒక టెస్టు, తప్పు పేరు ఇస్తే ఆగుతోందని చూసేందుకు. బ్రౌజర్‌ను నడిపించే టెస్టు ఒకటి చాలు, తప్పు సందేశం తెలుగులో సరిగా కనబడుతోందా అని. పేర్లన్నీ బ్రౌజర్ గుండా పరీక్షించబోతే నిదానం భరించలేక కొన్నాళ్లకు నడపడమే మానేస్తారు.

ఒక్క సాయంత్రమే చేతిలో ఉంటే పట్టిక, యునీక్ నిబంధన మీద నాలుగు టెస్టులు. మరో పూట దొరికితే హైపోథెసిస్‌తో ఆ రెండు లైన్ల గుణం. ఇంకా వీలుంటే మ్యుటేషన్ టెస్టింగ్: మ్యుట్‌మ్యుట్ వంటి సాధనం నియమంలో ముప్ఫైని ముప్ఫై ఒకటిగా మార్చి చూస్తుంది, ఏ టెస్టూ ఫెయిల్ కాకపోతే పట్టికలో హద్దు వరుస లేదన్నమాట.

పట్టికలోకి పేర్లు కావాలంటే సంఘం గుమాస్తానో గ్రంథపాలకుణ్నో అడగండి, ఏ పేర్లు ఎలా రాస్తారో వారికి తెలిసినంతగా మనకు తెలియదు. సభ్యుల జాబితాను మాత్రం తెచ్చి టెస్టు ఫైలులో అంటించవద్దు. ఆ ఫైలు రేపు ఎవరెవరి కంప్యూటర్లకో పోతుంది. ఒడియా నుంచి ఒకటి, తెలుగు నుంచి ఒకటి, అదే గుణింతం, అదే ఒత్తు ఉండేలా వేరే పేర్లు రాసుకోండి.